నాలుగోసారి అడిగిన పేరు

ఊసాఖాక్ నిలబడిన మంచుపలక విరిగి సముద్రంలోకి కొట్టుకుపోయి మూడు రోజులైంది. కుక్కల బండి కట్టుకుని, కోరలుండే సముద్ర జంతువు వాల్రస్ వేటకు వెళ్లినవాడు. మార్చి నెలలో అక్కడి మంచు మీద వాళ్ల తాతలు సొంత వాకిట్లో తిరిగినంత ధీమాగా తిరిగారు. ఇప్పుడా మంచును నమ్మడానికి లేదు.

అతని అక్క తుకుమ్మెక్ గ్రీన్‌లాండ్‌లోని ఆ ఊళ్లో రేడియో గది చూసుకుంటుంది. అందుకే జలసంధి అవతల కెనడా ఒడ్డుకు ఆ కబురు తానే చెప్పాల్సి వచ్చింది. దగ్గర్లో హెలికాప్టర్ ఉన్నది వాళ్లకే. నిరుడు రెండు ఒడ్ల పెద్దలూ కూర్చుని, ఆపద వస్తే ఏం చేయాలో రాసుకుని, కాఫీ తాగి ఫొటో దిగారు. హెలికాప్టర్ సముద్రం మధ్య సరిహద్దు గీత దాటాలంటే రెండు రాజధానుల సంతకాలు కావాలని అందులో రాశారు. మంచుపలక పొద్దున అటు, సాయంత్రం ఇటు కొట్టుకుపోతోంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, హెలికాప్టర్ సిద్ధంగా ఉన్నా కాగితం కదల్లేదు.

అవతలి అధికారి మెర్సర్ రోజూ ఫోన్ చేసేవాడు. మనిషి మంచివాడే. కానీ రోజుకో ఫారం తెచ్చేవాడు.

"తప్పిపోయినాయన పేరు చెప్పండి మేడమ్."

"నిన్న చెప్పానుగా."

"నిన్నటిది వెతకడానికండి. ఇది గీత దాటడానికి."

ఆమె అక్షరం అక్షరం పలికి రాయించేది. మూడు రోజుల్లో మూడుసార్లు. ఏడుపు రాలేదు. భయం కూడా మొద్దుబారిపోయింది.

తల్లి పాద్లోక్ పక్కనే కూర్చుని సీల్ జంతువు తోలు గీకుతుండేది. "గట్టిగా చెప్పవే, వాళ్లకి చెవుడేమో."

"చెవుడు కాదమ్మా. సంతకాలు రావాలంట."

"సంతకాలొచ్చి వాణ్ణి మోసుకొస్తాయా ఏంటి?"

నాలుగో రోజు పొద్దున సంతకాలు వచ్చాయి. మధ్యాహ్నం మెర్సర్ ఫోన్ చేశాడు.

"దొరికారు మేడమ్. ప్రాణం లేదు. రాత్రే పోయినట్టున్నారు. కుక్కల మధ్య పడుకుని ఉన్నారు."

తుకుమ్మెక్ "సరే" అంది. ఆమె ముఖం చూసి తల్లి గీకడం ఆపేసింది.

"ఆయన్ని గీత దాటించి ఇంటికి పంపాలంటే ఇంకో ఫారం ఉందండి. ఆయన పేరు మళ్లీ బంధువుల నోటే వినాలి."

"చెప్పకూడదు."

"అది లేకపోతే పంపలేను మేడమ్."

"పోయినవాళ్ల పేరు మేం పలకం. పుట్టిన బిడ్డకి పెట్టేదాకా ఆ పేరు నోట రాకూడదు."

"మూడుసార్లు మీరే చెప్పారు కదండీ."

"అప్పుడు బతికున్నాడుగా."

అటువైపు కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. పాద్లోక్ తోలు పక్కన పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"మరి ఎప్పుడు చెప్తారు మేడమ్?"

"మా చెల్లెలు వచ్చే నెల కంటుంది," అంది తుకుమ్మెక్. "అప్పుడు ఫోన్ చేయండి."