వంకకు అటు స్కాంటీ, ఇటు స్లైట్

జమ్మలమడుగు మండలాఫీసులో ఇంగ్లీషు బాగా వచ్చిన గుమాస్తానని నాకు పేరు. ఆ పేరుతో ప్రమోషన్ రాలేదు గానీ, కరువొచ్చినప్పుడల్లా నా బల్ల ముందు జనం మాత్రం వచ్చేవాళ్లు.

ఆ ఏడు వానల్లేవు. గడ్డి డిపోలు ఏ ఊళ్లలో పెట్టాలో కడపకు రిపోర్టు పంపాలి. మండలం మొత్తానికి వాన కొలిచే గొట్టం ఒక్కటే, అదీ మా ఆఫీసు ఆవరణలో. ఊరూరి వానకు అంకె లేదు కాబట్టి ఒక మాట రాసేవాళ్లం. పైవాళ్లు చూసేదీ ఆ మాటే. వాన స్కాంటీ అని ఉంటే లారీతో గడ్డి వస్తుంది. లోటు స్లైట్ అని ఉంటే ఏమీ రాదు.

ఎగువపల్లె పెద్దమనిషి బాలకొండన్న వచ్చి కూర్చున్నాడు. వెంట వచ్చినవాడు చేతిసంచిని ఒళ్లో జాగ్రత్తగా పెట్టుకున్నాడు. అందులో ఏముందో అడిగేంత తెలివితక్కువవాణ్ణి కాను.

"ఇంగ్లీషులో కొంచేనికి ఎన్ని మాటలుండాయి సారూ?"

"శానా ఉండాయన్నా. స్కాంటీ అంటే చాలీచాలనిది. స్పార్స్ అంటే ఆడొకటి ఈడొకటి. స్లైట్ అంటే పట్టించుకోనక్కర లేనంత."

"గడ్డొచ్చేది మా ఊరికి రాయి. పట్టించుకోనక్కర లేంది దిగువపల్లెకు రాయి."

దిగువపల్లె వంకకు అవతలి గట్టున ఉంది. ఆ ఊరి నాయకుడిది ఎదుటి పార్టీ.

"రెండూళ్లకూ ఒకటే మబ్బు కదన్నా?"

"మబ్బుకు పార్టీ లేదప్పా. ఊరికుంది."

మరునాడు దిగువపల్లె నుంచి గొర్రెలు కాసుకునే వెంకటేశు వచ్చాడు. బెంచీ ఖాళీగా ఉన్నా కూర్చోలేదు.

"మేం ఏ పార్టీ కాదు సార్. నలభై మూడు గొర్రెలుండాయి. గడ్డి రాకుంటే పది దినాలు గూడా బతకవు. వాన లేదని ఉండేది ఉన్నట్టు రాయండి సార్."

"చూస్తాలే" అన్నాను. ప్రభుత్వోద్యోగి 'చూస్తాలే' కంటే చిన్న కొలత ఏ డిక్షనరీలోనూ లేదు.

దిగువపల్లెకు స్లైట్ అనే టైపు కొట్టాను. ఆ చేతిసంచికి భయపడ్డాను. ఇందులో దాచడానికేమీ లేదు.

ఎగువపల్లెకు గడ్డి లారీలు వచ్చాయి. దిగువపల్లె నాయకుడికి వచ్చిన నష్టమేమీ లేదు. ఆయనకు మూడు బోర్లు, ఇంటి వెనక వరిగడ్డి వామి ఉన్నాయి. బాలకొండన్న కొట్టాలనుకున్నది ఆయన్ను, దెబ్బ తగిలింది గొర్రెలకు. వెంకటేశు మందను తోలుకుని మేత కోసం ఖాజీపేట దిక్కు పోయాడని విన్నాను.

నెల తిరక్కుండానే దిగువపల్లెలో పశునష్టం ఎంతో రాయమని కడప నుంచి ఇంకో కాగితం వచ్చింది. బాలకొండన్న సంచివాడి చేత కబురు పంపాడు. ఈసారి నన్నేమీ అడగలేదు, మాట ఆయనే వెతుక్కున్నాడు: నెగ్లిజిబుల్, అంటే లెక్కలోకి రానంత. పెద్దమనిషికి ఇంగ్లీషు బాగానే పట్టుబడింది.

అది సగం కొట్టేసరికి గుమ్మంలో వెంకటేశు నిలబడి ఉన్నాడు. చేతిలో కర్ర ఉంది.

"ఎన్ని పోయినాయి?" అన్నాను.

"అన్నీ సార్. మైదుకూరు దాటకముందే." మిషన్‌లోని కాగితం వంక చూశాడు. "దాంట్లో ఏం రాస్తాండారు?"

"కొంచెం పోయినాయని."

అతను కోప్పడలేదు. "పోయింది కొంచెమైతే, ఇంగ నాకు మిగిలిందానికి ఏం మాటుంది సార్?" అని అడిగాడు.

దానికీ ఇంగ్లీషులో మాటుంది. మూడే అక్షరాలు: నిల్.

అతను మెట్లు దిగి వెళ్లిపోయాడు. మిగతా సగం కొట్టాను.