గాలికన్ను

ఆ రోజు ఇంట్లో ఉన్నది ముగ్గురే. పై గదిలో మంచానపడ్డ నార్వే ముసలాయన, ఆయనకు ఒళ్ళు తుడుస్తున్న షమ్సున్నీసా, కింద ఫోనులో మాట్లాడుతున్న కోడలు మేడం. కొడుకు రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో డ్యూటీకి వెళ్ళాడు. బయట అల్ అజీజియా పేటంతా ఎడారి దుమ్ముగాలికి మట్టిరంగు తిరిగింది.

షమ్సున్నీసా తడిగుడ్డ పిండుతుంటే ముసలాయన మళ్ళీ వేలెత్తి చూపాడు.

"విన్‌డౌగ."

ఆరు నెలలుగా వింటున్న మాటే. కిటికీ అని అర్థం. ఆమె ముఖం మీదికి ఉఫ్ఫున ఊది గాలి అనీ, కంటి మీద వేలు పెట్టుకుని కన్ను అనీ, రెండూ కలిపితే ఆ మాట అనీ ఆయనే నేర్పాడు. పూర్వం వాళ్ళ ఇళ్ళకు అద్దాల్లేవట. పొగ పోవడానికి కప్పులో ఒక కంత ఉండేదట. బొమ్మ గీసి చూపించాడు. అందులో మంచం మీద ఒక మనిషి, ఆ మనిషి నుంచి కంతలోకి పోతున్న సన్నటి గీత. ఆ గీత పొగ కాదని ఆమెకు అర్థమైంది. మనిషి పోయేటప్పుడు అది తెరిచి ఉంచాలట.

డాక్టరు మాత్రం దుమ్ము తగలకూడదన్నాడు. కిటికీ తెరిచిన రోజే ఊరికి టికెట్ అని మేడం చెప్పింది. పొద్దున వంటింటి గుమ్మం దగ్గర టీ తాగుతూ డ్రైవర్ ఇస్హాక్ కూడా అదే అన్నాడు.

"జర పైలం షమ్సక్కా. నీకన్న ముందున్నామె కిటికీ తీసే ఊరికి పోయింది. మేడం యల్లా, నడువ్ అన్నదంటే ఖతమే."

"నాకెర్క లేదా? మా బిడ్డ ఫర్హా నర్సింగు ఇంకో ఏడాదుంది. నేను గాడ చెయ్యే పెట్ట."

"చెయ్యి పెడ్తలేవు గని, కండ్లు మొత్తం గాడనే ఉన్నయ్."

ఇప్పుడు ముసలాయన గొంతులో గరగర మొదలైంది. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరిగింది. తన తల్లి పోయిన రోజు పక్కన కూర్చుని విన్న చప్పుడే. షమ్సున్నీసా మెట్ల దాకా పరుగెత్తి "మేడం! మేడం!" అని పిలిచింది. మేడం ఫోను వదలకుండానే చెయ్యెత్తి ఆగమంది.

తిరిగి వచ్చేసరికి ఆయన కళ్ళు కిటికీ మీదే ఉన్నాయి.

"యా అల్లా" అంటూ గడియ లాగింది. గాలి విసురుకు రెక్క మళ్ళీ మూసుకోబోయింది. ఆపడానికి ఏమీ దొరక్క కాలి చెప్పు తీసి సందులో ఇరికించింది.

దుమ్ము దుప్పటి మీద వాలింది. ఆయన నుదుటి మీది తెల్లవెంట్రుకలు కదిలాయి. ఛాతీ ఒకసారి లేచి దిగింది. మళ్ళీ లేవలేదు.

దుమ్ముకే పోయాడా? పోతున్నాడు గనకే అడిగాడా?

మేడం పైకి వచ్చింది. మామగారిని చూసింది, దుప్పటి మీది దుమ్మును చూసింది. షమ్సున్నీసా మోచెయ్యి పట్టుకుని మెట్లు దింపి, వాకిట్లోకి నెట్టింది.

"తాతనే అడిగిండు మేడం... మస్తు రోజులసంది అడుగుతుండు..."

మేడం తలుపు వేసేసింది.

కాలుతున్న గచ్చు మీద చెప్పులేని కాలు ఎత్తిపట్టుకుని ఆమె తలెత్తి చూసింది. పైన కిటికీ సందులో నీలం రబ్బరు చెప్పు ఇంకా ఇరుక్కునే ఉంది.