నిమ్మపూల తేనె

పొద్దున్నే కుట్టుమిషను మీద గుడ్డ తీయకముందే టైలరమ్మ మేడెక్కి తేనెపెట్టె మూత తీసి చూసేది. ఊరికే తెరవద్దని లైబ్రరీ పుస్తకంలో రాసే ఉంది. చదివింది కూడా. అయినా మనసాగేది కాదు. విసిగిపోయిన ఈగలు ఒకరోజు మూటాముల్లే సర్దుకుని లేచిపోయాయి.

"కొత్తకాపురంలోకి అస్తమానం తొంగిచూస్తే ఎవరుంటారే?" అన్నాడు మొగుడు.

ఆమెకు కావలసింది తీపి కాదు. ఆ ఊళ్ళో తేనెలో మాటలుంటాయి. ఏ పూల దగ్గర ఏం మాట్లాడితే, తేనె నాలుక మీద పడగానే అది చెవిన పడుతుంది. బడిగోడ పక్క తేనెలో ఎక్కాలు వినిపిస్తాయని పిల్లలు దాన్ని ముట్టరు. వంతెన అవతల అక్క మేడ నిండా పూలమొక్కలే. ఎవరి పెళ్ళిలోనో గోటితో పోవలసిన మాట గొడ్డలిదాకా వెళ్ళి, అక్కాచెల్లెళ్ళకి మాటల్లేక ఏళ్ళయింది. ఒక్కసారి ఆ గొంతైనా వినాలని టైలరమ్మ ఆశ.

రెండో పెట్టె తెచ్చాక ఓపిక పట్టింది. ముందు పొగ పట్టడం, పట్టు ఉన్న చట్రాన్ని కుదుపు లేకుండా లేపడం, రాణీగ జోలికి పోకపోవడం, అన్నీ జాకెట్టుకి చెయ్యి అతికించినంత నిదానంగా నేర్చుకుంది. చివరికి తేనె పండి, అరల మీద మైనం మూతలు పడ్డాయి. ఆ సంబరంలో ముసుగు సరిగ్గా కట్టుకోక బుగ్గ మీద కుట్టించుకుంది. లెక్కచేయలేదు. పట్టు కోసుకుని వంటింట్లోకి వచ్చి, వేలితో నాలుకకి రాసుకుంది.

మొదట ఎవరో బస్సు ఆపమని కేకేశారు. తరువాత నిమ్మపూల వాసన, దాని వెనకే అక్క గొంతు. మొక్కకి నీళ్ళు పోస్తూ మాట్లాడుతోంది.

"ఏవే బుంగమూతీ..."

చిన్నప్పుడు అక్క టైలరమ్మను పిలిచిన పేరది. ఇప్పుడు దాన్ని నిమ్మమొక్కకి పెట్టుకుంది.

"గుండెకి ఆపరేషన్ చేయాలంటున్నారే. బయట కూర్చోడానికి మనవాళ్ళెవరైనా ఉండాలట. ఎవరున్నారని చెప్పను? వద్దులెండి అని వచ్చేశాను."

ఉబ్బిన బుగ్గతోనే టైలరమ్మ వంతెన దాటింది. తలుపు తీసిన అక్క బాగా చిక్కిపోయి ఉంది.

"మొహం ఏంటే అలా ఉంది?"

"తేనెటీగ కుట్టింది."

"ఏమైనా రాసుకున్నావా?"

"తీరిక లేదు. పద, ఆసుపత్రికి వెళ్దాం. బయట నేను కూర్చుంటాను."

ఎవరు చెప్పారని అక్క అడగలేదు. చెల్లెలి కాళ్ళకేసి చూసింది.

"చెప్పుల్లేకుండా ఇంత దూరం ఎలా వచ్చావే?" అంటూ లోపలికి వెళ్ళి రెండు జతలు తెచ్చి, ఒకటి చెల్లెలి ముందు పడేసింది. రెండోది తను వేసుకుంది.