బంతిపూల లైట్లు

అన్నంలో రాయి తగిలితే మా ఆయన సుదర్శన్ నమలడం ఆపి, దాన్ని తీసి కంచం అంచున పెడతాడు. "కండ్లెక్కడ పెట్టినవే యమునా?" అంటాడు. ఎక్కడ పెడతాను, ఉన్నచోటే ఉన్నాయి. చాటను ముఖం దాకా ఎత్తుకుంటే తప్ప నాకు బియ్యమూ రాయీ వేరు కావు. అలా ఎత్తితే అత్తమ్మ ఊరుకోదు. "బియ్యం ఏరుతున్నవా, వాసన సూస్తున్నవా?" అందుకని ఒళ్ళోనే పెట్టుకుని వేళ్ళతో తడిమి ఏరుతాను.

చిన్నప్పటి నుంచీ వీధి లైట్లు నాకు బంతిపూలే. అందరికీ అలాగే విచ్చుకుంటాయనుకున్నాను. ఎనుమాముల మార్కెట్లో మా మిర్చి అడ్తి దుకాణం ముందు నిలబడితే రాశులన్నీ కరిగి ఎర్రటి చెరువైపోతాయి, దాని మీద మనుషులు తేలుతూ పోతుంటారు. అబద్ధమెందుకు, అదంతా అందంగానే ఉంటుంది. డబ్బాలను చోటును బట్టి, మనుషులను అడుగుల చప్పుడును బట్టి గుర్తుపడుతూ కాపురం చేశాను. పెళ్ళయిన కొత్తలో కళ్ళద్దాల మాట ఎత్తితే అత్తమ్మ నవ్వింది. "పొయ్యికాడ ఆవిరి కొడ్తే అద్దాలు తుడుసుకుంట కూసుంటవా బిడ్డా?" ఆయన వత్తాసు పలికాడు. "ఇంట్ల ఉండేదానికి అంత దూరం సూసేదేమున్నది?" నిజమే కాబోలనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

మొన్న అడ్తి వ్యాపారులంతా కలిసి వర్ధన్నపేట దగ్గర ఒక బడిలో పిల్లలకు కంటి శిబిరం పెట్టారు. అద్దాల ఖర్చు మగవాళ్ళది, ఉప్మా మా ఆడవాళ్ళది. ఫ్లెక్సీ మీద మా ఆయన ఫోటో కూడా ఉందట. నాకు రంగులు కనిపించాయి.

ఉప్మా గిన్నె పక్కనే పిల్లల వరుస. అందులో ఒక పిల్ల కళ్ళు మూసుకుని ఏదో గొణుగుతోంది. ముందున్నవాళ్ళు బోర్డు మీద చదివే అక్షరాలు విని బట్టీ కొడుతోంది.

"ఏం చేస్తున్నవ్ బిడ్డా?"

"మాట్లాడియ్యకు, మర్చిపోత. తప్పు చెప్తే ఫెయిలేనట."

పేరు నవ్య. వంతు రాగానే గడగడా అప్పజెప్పింది. పరీక్ష చేసే దీప మేడమ్ "గుడ్" అని పంపేసింది. పాసైన సంతోషంతో నా దగ్గరికి ఉరికొచ్చి ప్లేటు అందుకుంది. దాన్ని ముక్కు దాకా ఎత్తి కరివేపాకు ఏరుకుంటోంది. నా చాట గుర్తొచ్చింది.

చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకెళ్ళాను. "మేడం, ఈ పిల్ల బట్టీ కొట్టింది. బోర్డు మార్చి అడుగుండ్రి."

నవ్య ముఖం వాడిపోయింది. "నాకద్దాలొద్దు. నేనొక్కదాన్నే పెట్టుకుంటే అందరు నవ్వుతరు." చెయ్యి విడిపించుకోబోతూ ఆగింది. "నీకు కనిపిస్తున్నదా ఆ బోర్డు?"

గోడ మీద పొగమంచు. ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ అడగని మాట అది. ఏడుపొచ్చింది.

"లేదు బిడ్డా."

"మరి నువ్వు పెట్టుకుంటవా? నువ్వు పెట్టుకుంటే నేను పెట్టుకుంట."

అప్పుడే స్టేజీ దగ్గర నుంచి ఆయన గొంతు. "యమునా, గెస్టులకు ప్లేట్లు పెట్టు. ఉప్మా సల్లారుతాంది."

నేను దీప ముందున్న పరీక్ష కుర్చీలో కూర్చున్నాను.

"అది పిల్లలకే. నీకెందుకు? లే, అందరు సూస్తాండ్రు," అని అక్కడి నుంచే అరిచాడు.

దీప నా ముక్కు మీద చట్రం పెట్టి, ఎడమ కన్ను మూసి, కుడి కంటికి ఒక్కో అద్దం మారుస్తూ పోయింది. మంచులోంచి ఒక అక్షరం లేచింది. దాని వెనకే ఇంకొకటి. నవ్య కుర్చీ పట్టుకుని నా పెదవులనే చూస్తోంది. పైకి చదివాను. చదువుతూ చదువుతూ స్టేజీ వైపు తిరిగాను. దూరం నుంచి నన్ను చూసేటప్పుడు మా ఆయన ముఖం ఎలా ఉంటుందో నాకెన్నడూ తెలియదు. కోపంగా ఉంటుందనుకునేదాన్ని. కాదు, బెదిరిపోయి ఉంది.

"ఉప్మా మీరు పెట్టుండ్రి," అన్నాను. "నాకింకో కన్నున్నది."