మూడో గాడి

ఆ సూదిని చూశాక నాకు చేత్తో ముట్టుకోబుద్ధి కాలేదు. కార్బొరేటర్ల పనిలో ముప్పై ఏళ్లు గడిచాయి. తుప్పు చూశాను, బురద చూశాను, ఫ్లోట్ గిన్నెలో చచ్చి ఉబ్బిన బొద్దింకను కూడా చూశాను. కానీ కార్బొరేటర్ సూదిని డ్రిల్ మిషన్‌కి బిగించి, గిర్రున తిప్పుతూ, గరుకు కాగితంతో గీకి సన్నం చేసిన మనిషిని మాత్రం చూడలేదు. ఆ మనిషి నా బావమరిదే కావడం నా ఖర్మ.

బావమరిది జిరాక్స్ మిషన్లు బాగుచేస్తాడు. ఇరుక్కున్న కాగితాన్ని లాగడం వస్తే ప్రపంచంలో ఉన్న యంత్రాలన్నీ వచ్చేసినట్టేనని వాడి నమ్మకం. వాడికి ‘ఇంజనీరు’ అని పేరు పెట్టింది నేనే. వాడు దాన్ని మెచ్చుకోలు అనుకుని పదిమందికీ చెప్పుకున్నాడు. అలాంటివాడితో ఏం పెట్టుకుంటాం?

బండి వాడి కూతురిది. ఇరవై మూడేళ్ల పిల్ల, పార్సిళ్లు పంచే ఉద్యోగం, పొద్దస్తమానం బండి మీదే. మాకు పిల్లల్లేరు. దాన్ని చంకనేసుకుని షాపులో తిరిగినవాణ్ణి నేను. సెలవు రోజుల్లో నా బల్ల దగ్గరే కూర్చుని కార్బొరేటర్ విప్పడం, బిగించడం నేర్చుకుంది. ఆ ఆదివారం పొద్దున్నే కొండ దారి మీద పాత బళ్ల పందెం ఉంది. ఒక్కొక్కరినే వదిలి ఎన్ని నిమిషాల్లో పైకెక్కారో చూస్తారు. అమ్మాయి మొదటిసారి పేరిచ్చింది. తండ్రిగారు ఊరుకుంటారా? సిలిండర్ బోరు కొట్టించాడు, రెండు సైజులు పెద్ద కార్బొరేటర్ తగిలించాడు, గుమ్మడికాయంత సైలెన్సర్ వేలాడదీశాడు.

ఇది పెట్రోల్లో ఆయిల్ కలుపుకుని తాగే పాతరకం బండి. ఇలాంటి ఇంజన్‌కి పెట్రోలు చాలకపోతే పిస్టన్ కాగి, ఉబ్బి, సిలిండర్‌ని పట్టేస్తుంది. ఇంజన్ పట్టేస్తే వెనక చక్రం ఉన్నపళంగా ఆగిపోతుంది. తిన్నని రోడ్డు మీద అయితే గుండె జల్లుమంటుంది, అంతే. కొండ మలుపులో అయితే మనిషి రోడ్డు మీద ఉండడు. పందెం గెలిస్తే ఎంత, గెలవకపోతే ఎంత? పిల్ల పడకూడదు. నాకు కావలసింది అదొక్కటే. బావమరిది పనితనం తెలిసినవాణ్ణి కాబట్టి, శుక్రవారం నేనే వెళ్లి బండిని నా షాపుకి తోలుకొచ్చుకున్నాను.

విప్పుతుంటే ఒక్కొక్కటీ బయటపడింది. గ్యాస్కెట్ ఉండాల్సిన చోట ఏదో గమ్ము పూశాడు. అది చీమిడిలా పక్కలకి కారి ఎండిపోయింది. ప్లగ్ విప్పితే నల్లగా, జిడ్డుగా, మసిగిన్నె అడుగులా ఉంది. ఇక ఆ సూది. ఆక్సిలరేటర్ సగం తిప్పినప్పుడు ఎంత పెట్రోలు పోవాలో తేల్చేది ఆ సూదే. లావుగా ఉంటే తక్కువ పోతుంది, సన్నగా ఉంటే ఎక్కువ పోతుంది. దాన్ని గీకి గీకి, నడుము దగ్గర గీతలతో వంకర టింకరగా చేసి పెట్టాడు. బండి పొగలు కక్కుతూ, గుటకలు మింగుతూ నడుస్తోందంటే నడవదా మరి?

“కొత్త సూది దొరకలేదు బావా, అందుకే కొంచెం అరగదీశాను. ఇప్పుడు పెట్రోలు బాగా పడుతోంది,” అన్నాడు బావమరిది. ఆ మొహంలో గర్వం చూసి నాకు ఒళ్లు మండిపోయింది. ఆ సూదిని చిమటాతో పట్టుకుని, వాడు చూస్తుండగానే చెత్తడబ్బాలో పడేశాను. తర్వాత చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాను. నా దగ్గర అరవై దాకా సూదులున్నాయి. ఒక్కోదాన్నీ ఒక్కో స్ట్రా ముక్కలో దూర్చి, రెండు కొసలూ మూసి, నంబరు రాసి దాచుకుంటాను. సూదులంటే అలా చూసుకోవాలి.

మైక్రోమీటర్‌తో కొలిచి మూడింటిని పక్కన పెట్టాను. సూది తలకాయ దగ్గర పైనుంచి కిందికి ఐదు గాడులు ఉంటాయి. ఏ గాడిలో క్లిప్ వేస్తే సూది అంత ఎత్తులో నిలబడుతుంది. క్లిప్ కిందిగాడికి జరిపితే సూది పైకి లేచి పెట్రోలు ఎక్కువ పోతుంది. శనివారం మధ్యాహ్నం గోడౌన్ల వెనక తిన్నని రోడ్డు మీదికి వెళ్లాం. అమ్మాయి బండి తోలడం, సగం ఆక్సిలరేటర్ మీద రోడ్డు చివరిదాకా లాగి, ఠక్కున ఇంజన్ కట్టేయడం, నేను ప్లగ్ విప్పి రంగు చూడడం. నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా ఉంటే తక్కువ, కాఫీరంగులో ఉంటే సరి. చలికాలమే అయినా మధ్యాహ్నం ఎండ చురచురలాడుతోంది. బావమరిది మాత్రం నీడలో నిలబడి ఫోన్లో వీడియో తీస్తున్నాడు.

రెండో సూది కుదిరింది. నాలుగో గాడిలో క్లిప్ వేస్తే ప్లగ్ ముదురు కాఫీరంగు. బండి బాగానే లాగుతోంది, కానీ కొంచెం బద్ధకం. బావమరిది దగ్గరికొచ్చి, “ఇంతేనా బావా? నా సూదితో కూడా ఇలాగే ఉండేది కదా,” అన్నాడు. వాడి పనికీ నా పనికీ పోలికా? అరికాలి మంట నెత్తికెక్కింది. క్లిప్ తీసి, పెట్రోలు ఇంకాస్త తగ్గేలా, పైనున్న మూడో గాడిలో వేశాను. ఈసారి బండి చెయ్యి కదపకముందే దూకింది. ప్లగ్ లేత కాఫీరంగు, అచ్చం పుస్తకంలో బొమ్మలా ఉంది. అమ్మాయి హెల్మెట్ తీసి పళ్లన్నీ కనబడేలా నవ్వింది. ఇంజనీరుగారు ఫోన్ జేబులో పెట్టేసుకున్నారు.

పందేనికి వెళ్లే బండికి పెట్రోలు ఒక గాడి ఎక్కువే పోయేలా వదిలిపెట్టాలని నా దగ్గర నేర్చుకున్న ప్రతివాడికీ నేనే చెబుతాను. ఆ రోజు నాకు అది గుర్తులేక కాదు. నాలుగో గాడిలో బండి వాడి సూదితో నడిచినట్టే ఉందన్న మాట నాకు మింగుడుపడలేదు.

ఆదివారం పొద్దున కొండ కింద మంచు తెరలు తెరలుగా ఉంది. చేతులు కొంకర్లు పోతున్నాయి. నేను స్వెట్టర్ మీద ఇంకో స్వెట్టర్ వేసుకున్నాను. అమ్మాయి తన వంతు కోసం వరుసలో నిలబడి బండి వేడెక్కిస్తోంది. బావమరిది నా పక్కకి చేరి, చలికాలంలో జిరాక్స్ మిషన్‌కి కూడా సెట్టింగు మార్చాల్సి వస్తుందని ఏదో మొదలుపెట్టాడు. నేను వినలేదు.

“చలిగాలి కదా బావా, బండికి ఇంకొంచెం పెట్రోలు కావాలేమో,” అన్నాడు చివరికి.

“ఆ తెలివి నీ జిరాక్స్ షాపులో చూపించుకో,” అన్నాను.

నవ్వినవాళ్లు కూడా ఉన్నారు చుట్టుపక్కల. వాడు మొహం మాడ్చుకుని వెళ్లిపోయాడు.

చలిగాలి చిక్కగా ఉంటుంది. ఇంజన్‌లోకి గాలి ఎక్కువ పోతుంది, దానికి తగ్గట్టు పెట్రోలూ ఎక్కువ కావాలి. ఇది నా పనిలో మొదటి నెలలో నేర్పే పాఠం. ఎండలో కుదిర్చిన బండి మంచులో పనికిరాదని చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. నాకూ తెలుసు. కానీ ఆ మాట వాడి నోట వచ్చింది. వాడి నోట వచ్చిన ఏ మాటా సరైనది కాకూడదని నేను ఎప్పుడో తీర్మానించుకున్నాను.

అమ్మాయి బండి నాలుగు మలుపులు దాటడం శబ్దాన్ని బట్టి తెలిసింది. ఐదో మలుపులో శబ్దం సన్నగా, గీరినట్టు అయి ఠక్కున ఆగిపోయింది. మేం పరుగెత్తేసరికి అమ్మాయి రోడ్డు పక్క గడ్డిలో ఎడమ చెయ్యి పట్టుకుని కూర్చుని ఉంది. స్పృహలోనే ఉంది, మాట్లాడుతోంది. దాన్ని ఆంబులెన్స్ ఎక్కించి, వాళ్ల నాన్నని తోడు పంపించాక, నేను బండి దగ్గరికి వెళ్లి ప్లగ్ విప్పాను. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. దాని మీద పిస్టన్ నుంచి ఊడిన చిన్న చిన్న రేణువులు మెరుస్తున్నాయి. చెత్తడబ్బాలో పడేసిన ఆ గీకుడు సూది ఉండి ఉంటే బండి పొగలు కక్కేది, గుటకలు మింగేది, ఆఖరున వచ్చేది. పట్టేసేది మాత్రం కాదు. ప్లగ్ తిరిగి బిగించి, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాను. అలా చూసినందుకు నా మీద నాకే రోత పుట్టింది.

ఆసుపత్రిలో అమ్మాయికి భుజం దగ్గర ఎముక విరిగిందని, రెండు నెలలు చెయ్యి కదపకూడదని చెప్పారు. మంచం మీద కట్టుతో కూర్చోబెట్టారు. మా ఆవిడ ఇంటి దగ్గర్నుంచి పరుగున వచ్చి, మేనకోడల్ని చూసి ఏడ్చి, ఆ వెంటనే తమ్ముడి మీద పడింది. మీ బావ అంత శుభ్రంగా చేసిచ్చిన బండి, మళ్లీ వేలు పెట్టావు కదూ అని నిలదీసింది. కాదంటాడనుకున్నాను. వాడు తల దించుకున్నాడు.

“పెట్టానక్కా. బావ విననన్నాడని, బయల్దేరేముందు కార్బొరేటర్ పక్కనున్న గాలి స్క్రూ పావువంతు తిప్పాను.”

ఆ స్క్రూ పనిచేసేది బండి నిలబడి ఉన్నప్పుడూ, మహా అయితే నెమ్మదిగా కదిలేటప్పుడూ. సగం ఆక్సిలరేటర్ మీద కొండెక్కే బండికి దాన్ని పావువంతు తిప్పినా ఒకటే, తిప్పకపోయినా ఒకటే. ఆ సంగతి ఆ గదిలో ఇద్దరికి తెలుసు. ఒకణ్ణి నేను.

“చెప్పండి, వీడు తిప్పబట్టే కదా ఇదంతా?” అంది మా ఆవిడ నా వైపు తిరిగి.

నోటిదాకా వచ్చింది. మూడో గాడి అని రెండు ముక్కలు అంటే సరిపోయేది. బావమరిది నా వైపు చూస్తున్నాడు, ఎంత తిట్టినా పడతాను అన్నట్టు.

“అవును,” అన్నాను.

వాడు వచ్చి నా చెయ్యి పట్టుకుని, మన్నించు బావా, ఇక జన్మలో స్క్రూడ్రైవర్ ముట్టను అని వెక్కి వెక్కి ఏడ్చాడు. వాడి కన్నీళ్లు నా వేళ్ల మీద పడుతుంటే ఆ చెయ్యి విడిపించుకుని పారిపోవాలనిపించింది. సర్లే, జరిగిందేదో జరిగింది అన్నాను. అన్నది నేనే.

అమ్మాయి నన్ను చూడలేదు. తండ్రినే చూస్తోంది.

“ఏడవకు నాన్నా. నీ స్క్రూ వల్ల కాదు,” అంది.

“నీకేం తెలుసమ్మా,” అన్నాడు వాడు కళ్లు తుడుచుకుంటూ. “మామయ్యే అవునన్నాడు కదా.”