గుండుకి ఇంకో పేరు

నేను ఒక ఇత్తడి గుండుని. నెత్తిన దారం కట్టి గోడ పక్కన వేలాడదీస్తే, గోడ నిటారుగా ఉందో వాలిందో చెబుతాను. అంతకుమించి నాకేమీ రాదు. నన్ను పోతపోసింది నారాయణపేట బజారులో. పట్నం బస్సెక్కే ముందురోజు తాయప్ప కొన్నాడు.

తాయప్పకు అక్షరం ముక్క రాదు. ఒక కన్ను మూసి, నేను ఊగడం మానేదాకా ఓపిగ్గా చూసేవాడు. "ఆగింది" అనేవాడు. ఆ ఒక్క మాట మీద హైదరాబాదులో ఎన్నో అంతస్తులు లేచాయి. తాయప్ప కుటుంబం ఉండే రేకుల షెడ్డుకు మాత్రం నన్నెప్పుడూ పట్టలేదు. పడితే నిజం చెప్పాల్సి వచ్చేది.

కొడుకు మొగులప్ప మూడో తరగతి మూడు బళ్లలో చదివాడు. ఒక బిల్డింగు పూర్తయితే షెడ్డు ఎత్తాలి, బడి మారాలి. కొత్త బళ్లో మళ్లీ మూడులోనే కూర్చోబెట్టేవారు. నాలుగో బిల్డింగు దగ్గర పలకకు బదులు నన్ను పట్టుకున్నాడు. నాకు బాధేసిందని చెప్పాలి. వేసినట్టు గుర్తులేదు.

అతని కూతురు శివలీల ఇంటర్ పాసైంది. సూపర్‌వైజర్ కోర్సులో కూలీల పిల్లలకు ఒకే సీటు, దానికో పరీక్ష. సీటొస్తే నెత్తిన హెల్మెట్టు, రాకపోతే తల్లితోపాటు ఇటుకల తట్ట. పరీక్షరోజు తాయప్ప నన్ను మనవరాలి సంచిలో వేశాడు.

"ఉండనీ బిడ్డా, మంచిగైతది" అన్నాడు.

సంచులు గది బయటే పెట్టించారు. లోపల ఇంగ్లీషు పేపరులో ఒక ప్రశ్న: ప్లంబ్ బాబ్ దేనికి వాడతారు? ప్లంబరు పనిముట్టు కాబోలనుకుని, నల్లా పైపులు బిగించడానికి అని రాసింది శివలీల. బయటికొచ్చాక పక్క అమ్మాయి, ప్లంబ్ బాబంటే ఇదని గాలిలో దారం వేలాడదీసినట్టు చూపించింది. శివలీల సంచి తెరిచి నా వంక చూసింది. ఏడవలేదు. ఫలితాలొచ్చాక చూస్తే, ఒక్క మార్కుతో సీటు పోయింది.

"పుట్టినకాడికెల్లి గుండనే అంటిమి" అన్నాడు తాయప్ప. "దానికింకో పేరున్నదని మాకెవలు చెప్పిన్రు?"

నాకూ ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు పదకొండో అంతస్తులో పని. మొన్న కొత్త ఇంజనీరు "ప్లంబ్ బాబ్ తీసుకురండి" అని కేకేశాడు. మేస్త్రీలు ముఖాలు చూసుకున్నారు. శివలీల తట్ట దించి, నాన్న సంచిలోంచి నన్ను తీసి ఆయన చేతికిచ్చింది.

"నీకెలా తెలుసు?" అన్నాడాయన.

"పరీక్షల వచ్చింది సార్."

ఆయన దారం వదిలాడు. నేను ఊగాను, ఆగాను. గోడ నిటారుగానే ఉంది. శివలీల మళ్లీ తట్ట ఎత్తుకుంది.