అందని హ్యాండిల్

క్రాంతికుమార్ చనిపోయాక అతని రేసు సైకిలును ఎవరూ ఎక్కలేదు. పాల్వంచలో కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి కిరాయి ఇంటికి మారినప్పుడు సామానంతా ఆటో ట్రాలీలో వేశారు గానీ, ఆ సైకిలును మాత్రం అతని తల్లి సవరమ్మ చేత్తో నడిపించుకుంటూ తెచ్చింది. ముందుగదిలో గోడకు ఆనించి, ఆదివారం చర్చి నుంచి రాగానే తడిబట్టతో తుడిచేది. క్యారియర్ లేదు, బెల్లు లేదు, మడ్‌గార్డు లేదు. హ్యాండిల్ పొట్టేలు కొమ్ముల్లా ముందుకు పోయి కిందికి వంగి ఉంటుంది. హైదరాబాదులో ఎవరో విదేశం నుంచి తెచ్చుకుని మూలన పడేస్తే, క్రాంతి ముచ్చటపడి కొనుక్కున్న నీలంరంగు బండి.

అతను థర్మల్ ప్లాంటులో ఆపరేటర్. షిఫ్టు దిగి, ఇంత తిని, భద్రాచలం రోడ్డు పట్టుకుని అడవిలోకి పోయేవాడు. చెమటతో, ఇప్పపూల వాసనతో తిరిగొచ్చేవాడు. రెండు వేల ఆరు వానాకాలంలో జ్వరం తగిలింది. మలేరియా అన్నారు, మెదడుకెక్కింది అన్నారు. ఖమ్మం దవాఖానాకు చేర్చేసరికే మనుషుల్ని గుర్తుపట్టడం మానేశాడు. భార్య మహిమను చూసి, "ఎవరమ్మా మీరు?" అని మర్యాదగా అడిగాడు. ఆ మాట ఆమె సవరమ్మకు ఎప్పుడూ చెప్పలేదు.

మహిమ ఊళ్లో ఒక బడిలో లెక్కల టీచరు. లేడీస్ సైకిలు మీద బడికి వెళ్లొచ్చేది. క్రిస్మస్ వెళ్లిపోయిన తర్వాత ఒక తెల్లవారుజామున, సవరమ్మ పాలకు వెళ్లినప్పుడు, ఆమె నీలం బండిని వాకిట్లోకి దించింది. టైర్లలో గాలి కొట్టింది. చున్నీ నడుముకు బిగించి కట్టుకుని ఎక్కింది.

సీటు ఒక్క వేలు కూడా అటూ ఇటూ కాలేదు. పెడల్ కిందికి దిగినప్పుడు కాలు ఎంత చాపాలో అంతే చాపుకుంది, మోకాలు కొద్దిగా వంగి ఉంది. అది ఆమెకు ముందే తెలుసు.

పెళ్లయిన కొత్తలో ఒక మధ్యాహ్నం క్రాంతి ఆమెను గోడకు వీపు ఆనించి నిలబెట్టి, లావుపాటి డిక్షనరీని కాళ్ల మధ్య పైదాకా జరిపి పట్టుకోమని, అక్కణ్నుంచి నేలదాకా టేపుతో కొలిచాడు. ఆమెకు నవ్వాగలేదు. అతను టేపు వంక చూసి నోరు తెరిచాడు.

"గిదేందే! నీ కాళ్లు నా కాళ్లు ఒక్కటే ఉన్నయి. మనిషివేమో నా చెవికాడికే వస్తవ్."

"మిగిలిందంతా నీ నడుముల పోసిండు దేవుడు," అంది మహిమ.

"నవ్వకు. నీకు బండి దొరుకుడు కష్టం. కాళ్లు చూసి కొంటే హ్యాండిల్ అందదు. ఎత్తు చూసి కొంటే కాళ్లు ముడుచుకుంటయి. నీకు పొడుగు కాళ్లు, పొట్టి నడుము, చేతులు గూడ చిన్నయే. నేను వెతుకుత, నాకు వదిలెయ్. మంచి ఫ్రేము దొరికినంక ఇద్దరం కలిసి పోదాం."

అతను వెతుకుతూనే ఉన్నాడు. ఆలోపే జ్వరం వచ్చింది.

అందుకని, ఆ తెల్లవారుజామున ముందుకు వంగి చేతులు చాపినప్పుడు హ్యాండిల్ అంత దూరంలో ఉండటం చూసి మహిమ ఆశ్చర్యపోలేదు. హ్యాండిల్ మధ్యలో తిన్నగా ఉన్న చోట పట్టుకుంటే కాస్త నయం. కానీ ఆమెకు అక్కడ పట్టుకోవాలని లేదు. ముందు బ్రేకుల దగ్గర చుట్టిన నల్లటేపు అతని అరచేతులకు అరిగి నున్నగా మెరుస్తూ ఉండేది. వీపంతా సాగదీసి, మోచేతులు బిగపట్టి, ఆమె అక్కడే పట్టుకుంది. అట్లాగే ఊరు దాటి, అడవి మొదలయ్యేదాకా వెళ్లి తిరిగొచ్చింది.

సవరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"అడుగుడన్న లేదా, మహిమా?"

"అడిగితే వద్దంటవని, అత్తమ్మా."

సవరమ్మ బండి తీసుకుని, దుమ్ము తుడిచి, మళ్లీ గోడకు ఆనించింది. మర్నాడు మహిమ మళ్లీ తీసింది. రోజూ తీసింది. అలవాటైతే చేతులు అందుతాయని తనకు తాను చెప్పుకుంది. మెడ వెనక నొప్పి మొదలైంది. చిటికెన వేలికి, పక్క వేలికి తిమ్మిరెక్కి పొద్దెక్కినా వదిలేది కాదు. బోర్డు మీద రాస్తుంటే సుద్దముక్క జారిపోయేది. బండి మీద ఉన్నంతసేపూ మాత్రం అంత దూరం చాపిన చేతుల చివర ఏదో ఉన్నట్టే ఉండేది. ఇంకొక్క బెత్తెడు సాగితే చాలనిపించేది.

ఉబేద్ క్రాంతికి స్నేహితుడు. బస్టాండు దగ్గర అతని తండ్రి మహబూబ్ అలీ పెట్టిన సైకిలు దుకాణాన్ని ఇప్పుడు అతనే చూసుకుంటున్నాడు. మహిమ బండిని అక్కడికి తీసుకెళ్లింది. అతను సీటును దాని కింది పట్టాల మీద ముందుకు జరిపాడు. చేతులకు కాస్త దగ్గరైంది గానీ, వారం తిరక్కుండానే మోకాలి చిప్ప కింద నొప్పి పట్టుకుంది. సీటు మళ్లీ వెనక్కి జరిపి, ఈసారి హ్యాండిల్‌ను ఫ్రేముకు కలిపే ముక్కను మార్చి పొట్టిది వేశాడు. చెయ్యి అందింది. బండి మాత్రం మాట వినడం మానేసింది. కొంచెం తిప్పితే చాలా తిరిగేది. అడవిదారిలో బొగ్గు లారీ పక్కనుంచి పోయిన గాలికి హ్యాండిల్ గుంజుకుని, మహిమ రోడ్డు పక్క కంకరలో పడింది. మోచెయ్యి చీరుకుపోయింది.

ఉబేద్ రక్తం చూసి కంగారుపడ్డాడు. "భాభీ, నేను ఎంత జరిపినా గంతే. గీ బండి మీకు కాదు. కాళ్లకు సరే, పైన పెద్దగైంది."

"ఫ్రేము కడ్డీ కోసి, పొట్టిగ చేసి అతికియ్యరాదా?"

ఉబేద్ నీలం కడ్డీ మీద చెయ్యి పెట్టాడు. "కోస్తే అది క్రాంతి బండి గాకుంట పోతది. మీ బండి గూడ గాదు. నాతోని గాదు భాభీ, మాఫ్ చెయ్యండి."

ఆ సాయంత్రం సవరమ్మ మోచేతికి పసుపు అద్దుతూ, ఇన్నాళ్లూ అడగనిది అడిగింది.

"వాడు నీకు వేరే బండి చూస్తుండె గదా. నాకు చెప్పిండు. మరి నువ్వు వాని బండి మీదనే ఎందుకు పోతున్నవ్ బిడ్డా?"

మహిమ చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. సవరమ్మ వదల్లేదు.

"ఆయన పట్టుకున్న కాడ పట్టుకుందామని, అత్తమ్మా."

సవరమ్మ పసుపు గిన్నె కింద పెట్టింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. మహిమ ఏడవలేదు. నొప్పిచేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చివరికి సవరమ్మే కళ్లు తుడుచుకుంది. "నేను తుడిచేది గూడ గందుకే. అయితే నాకు చెయ్యి నొయ్యదు, నీకు నొస్తున్నది. వాడుంటే ఊకునేటోడా? ఎండకాలం సెలవుల్ల హైదరాబాదు పోదాం. నేను గూడ వస్త."

పోయారు. దుకాణంలో కుర్చీ వేస్తే సవరమ్మ చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దుకాణదారు మహిమ ఎత్తు ఎంతో అడిగాడు. గోడ మీది పట్టిక చూసి ఒక బండి తెచ్చాడు. ఎక్కితే మోకాళ్లు ముడుచుకుపోయాయి. సీటు ఎత్తబోతే దాని రాడ్డు చాల్లేదు. "మీ కాళ్లు చాలా పొడుగు మేడం," అని కాలు కొలిచి, దానికి తగ్గట్టు పెద్ద ఫ్రేమున్న బండి తెచ్చాడు. మహిమ చేతులు చాపిందో లేదో గుర్తుపట్టింది. అదే దూరం. అదే సాగదీత. ఒక్క క్షణం దాన్నే తీసుకుందామా అనిపించింది.

దిగింది.

"సీటు ఎంతన్నా లేపుకోవచ్చు గదా అన్నా. ఫ్రేము పొడుగు మాత్రం తగ్గదు," అంది. "నా కాళ్లను వదిలెయ్యండి. నడుముకు, చేతులకు సరిపోయేది చూసి, సీటుకు పొడుగు రాడ్డు వేస్తే?"

అతను తల గోక్కున్నాడు. "వేయొచ్చు. కానీ సీటు అంత లేస్తే హ్యాండిల్ బాగా కిందికి పడినట్టవుతుంది. నడుం పట్టేస్తుంది మేడం. హ్యాండిల్ కింద రింగులు పెట్టి, ముక్క కూడా పైకి వంగినది వేద్దాం. నేనూ ఇట్లా ఎప్పుడూ కట్టలేదు. చూద్దాం ఉండండి."

మొదటి బండినే మళ్లీ తెచ్చి, స్టాండు మీద బిగించి, ఇద్దరూ మధ్యాహ్నందాకా దానితోనే ఉన్నారు. రెండు రింగులు చాల్లేదు, ఇంకొకటి వేశాడు. సీటు కొంచెం ఎక్కువ లేచింది, దించాడు. చివరికి మహిమ ఎక్కి పెడల్ తిప్పింది. కాలు చాలినంత చాపుకుంది. మోచేతులు మెత్తగా వంగాయి. అరచేతుల మీద బరువు లేదు. చేతులు గాల్లోకి ఎత్తినా మనిషి ముందుకు తూలలేదు. బండి చూడ్డానికి విచిత్రంగానే ఉంది, చిన్న ఫ్రేము మీద సీటు కొంగ మెడలా పైకి లేచి. కూర్చున్న మనిషికి మాత్రం ఎక్కడా ఏ లోటూ లేదు.

అప్పుడు ఏడ్చింది మహిమ. స్టాండు మీద పెడల్ తిప్పుతూనే ఏడ్చింది. దుకాణదారు బిత్తరపోయి పక్కకు వెళ్లిపోయాడు. సవరమ్మ లేచి వచ్చింది.

"ఏమైంది బిడ్డా? నొస్తున్నదా?"

"లేదత్తమ్మా," అంది మహిమ. "నొస్తలేదు."

సవరమ్మ ఆమె వీపు మీద చెయ్యేసి, పెడల్ ఆగేదాకా అట్లాగే నిలబడింది.

వానలు పడేసరికి ముందుగదిలో రెండు రేసు సైకిళ్లు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి రోజూ బురదతో వచ్చేది. రెండోది తుడిచినట్టే ఉండేది. సవరమ్మకు అది చూడబుద్ధి కాలేదు. ఒక ఆదివారం హాతీరాంను పిలిపించింది. అతను క్రాంతితో ఒకే షిఫ్టులో పనిచేసినవాడు, చండ్రుగొండ దగ్గరి తండా మనిషి. కూర్చుంటే క్రాంతి అంత ఉంటాడు, నిలబడితే పొట్టి. ఉబేద్ వచ్చి అతనికోసం సీటు దించుతుంటే సవరమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది. మహిమ దగ్గరే నిలబడి, సీటు రాడ్డు ఫ్రేములోకి దిగడం చూసింది.

"తోలుకపో," అంది సవరమ్మ లోపలినుంచి. "వానకు తడవనియ్యకు."

తర్వాతి సెలవు రోజున హాతీరాం మహిమను తమ తండాకు రమ్మన్నాడు. అతని తల్లి రూప్లి చూడాలంటోందట. కొత్తగూడెం దాటి, చండ్రుగొండ రోడ్డు మీద చెట్లు రెండువైపులా దగ్గరకొచ్చాయి. రాత్రి కురిసిన వాన ఆకుల మీంచి ఇంకా రాలుతోంది. మహిమ ఈ రోడ్డుకు ఎప్పుడూ రాలేదు. ఒక మలుపు దగ్గర తెల్లటి పువ్వులతో ఒక చెట్టు కనబడింది. దాని పేరు ఆమెకు తెలియదు. ఇంటికెళ్లి క్రాంతిని అడగాలి అనుకుంది. అనుకున్న తర్వాత కొంతదూరం పెడల్ తొక్కలేకపోయింది. బండి దానంతటదే పోయింది.

ముందు హాతీరాం పోతున్నాడు. నీలం బండి, దాని మీద ముందుకు వంగిన పొడుగాటి వీపు, వానకు తడిసి అంటుకున్న చొక్కా. కళ్లు కొంచెం చికిలిస్తే చాలు. భుజాలు వేరు, సీటు వేరు, తొక్కే తీరు వేరు. అయినా చికిలించింది.

మలుపు తిరిగాక ఎత్తు మొదలైంది. హాతీరాం నెమ్మదించి, ఆయాసపడుతూ వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు.

"వదినా, నువ్వు ముంగట పో! నీ బండి జల్దీ ఎక్కుతది."

నిజమే, ఆమె దాటిపోగలదు. కాళ్లలో బలం ఉంది, చేతుల్లో నొప్పి లేదు.

"నువ్వు పో హాతీరాం," అంది. "నేను ఎనక వస్త."

అతను మళ్లీ ముందుకు వంగాడు. ఆమె గేరు తగ్గించి, ఆ దూరం పెరగకుండా తరగకుండా చూసుకుంటూ, ఆ ఎత్తు ఎక్కేదాకా అతని వెనకే తొక్కింది.